గమ్లా అంటే గమేళా కాదట!

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. పైవాళ్ళు ఏం చెప్పినా అర్థమైనట్టు తల ఊపడం దాని లక్షణం. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. అర్థం కాలేదంటే పరువు అప్పటికప్పుడే పోతుంది, అర్థమైందంటే మర్నాటికి పోతుంది. ఎలాగూ పోయేదాన్ని ఒక పూట వాయిదా వేసుకుందామనే తెలివి అందరికీ ఉంటుంది కాబట్టి అందరం తల ఊపుతాం. నేనూ ఊపాను. ఊపినందుకు ఏం జరిగిందో చెబితే విన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వుతారు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ముందు వచ్చేది కోపమే, నవ్వు తరువాత తీరిగ్గా వస్తుంది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చదవడం అయ్యాక న్యాయం ఎవరి పక్షాన ఉందో మీలో మీరైనా ఒక్కమాట అనుకోండి (నా పక్షానే ఉంది, ముందే చెబుతున్నాను).

మాది సముద్రం ఒడ్డున జాలారిపేట. నాన్న బోటు మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ హార్బరులో తెల్లారకుండానే వేలంపాటలో చేపలు పాడుకుని, గమేళాలో పోసుకుని, నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. గమేళా అంటే తెలియనివాళ్ళు ఉండరనుకుంటాను. ఇల్లు కట్టేచోట సిమెంటు మోస్తారే, ఆ ఇనప పాత్రనీ గమేళా అనే అంటారు. మా పేటలో వాడేది సిల్వరుది, ఇంకాస్త లోతుగా, అంచు మడిచి ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని మోసి మోసి అమ్మకి మెడ పట్టేసింది. పక్కనున్న మనిషిని చూడాలన్నా తల తిరగదు, అమ్మ మొత్తం తిరగాల్సిందే. డిగ్రీ అయ్యాక గాజువాకలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మకి మాట ఇచ్చాను. "నా ఉజ్జోగం పెర్మినెంటు అవనీయే. మర్నాటి నుంచీ నువ్వు గమేళా ముట్టుకోడానికి లేదు" అన్నాను. అమ్మ చేపల పొలుసు గీరుతూ "ముందు అవనీవే గుంటా, అప్పుడు సూద్దాం" అంది. పర్మనెంటు కావడానికి ఆరునెలలు మెప్పించాలి. నేను మెప్పించాల్సింది మా మేనేజరుని.

మా కంపెనీ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి లారీలనీ కూలీలనీ సరఫరా చేసేది. పేరెందుకులెండి. మేనేజరు ఉత్తరాది మనిషి. ఏం చెప్పినా, ఏం విన్నా ముందు "అచ్ఛా" అనేవాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని అచ్ఛా సార్ అని పిలుచుకునేది. ఆయన అచ్ఛాల్లో మెప్పుది ఒకటి, అనుమానానిది ఒకటి, ఇక నువ్వు వెళ్ళొచ్చు అనేది ఒకటి ఉండేవి. పదేళ్ళుగా విశాఖపట్నంలో ఉంటున్నా ఆయనకి తెలుగులో వచ్చిన మాటలు రెండే, "రేపు" అనీ "లేదు" అనీ. ఇంటర్వ్యూలో ఆయన "హిందీ ఆతా హై?" అని అడిగితే నేను "ఆతా హై సార్" అన్నాను. అబద్ధం కాదు. టీవీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీ నాకు ధారాళంగా వచ్చు. అయితే అది అత్తాకోడళ్ళ హిందీ. అందులో ఏడవడం, శపించడం, మెట్ల మీంచి దొర్లిపడేముందు అరవడం వచ్చు గానీ ఆఫీసు పని చేయడం రాదని చేరాక తెలిసింది. అందుకే తల ఊపడం.

తల ఊపిన తరువాత నేను పరుగెత్తేది మా అకౌంటెంటు దగ్గరికి. ఆయనది పద్మనాభం దగ్గర ఒక పల్లె, వ్యవసాయం కుటుంబం. రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాడు. హిందీలో రాష్ట్రభాష పరీక్ష పాసయ్యాడు. ఆ సంగతి ఆయన చెప్పకుండా గడిచిన రోజు లేదు కాబట్టి ఆయన్ని రాష్ట్రభాష అన్నయ్య అనేవాళ్ళం. ఆఫీసులో హిందీకీ తెలుగుకీ మధ్య ఉన్న ఒకే ఒక్క వంతెన ఆయన. ఆ వంతెన మీదే నేను మునిగాను.

అది అల్పపీడనం రోజులు. బంగాళాఖాతంలో ఏదో పుట్టిందని, బోట్లు వేటకి వెళ్ళొద్దని హెచ్చరించారు. రెండు రోజులుగా ముసురు. మా ఆఫీసు పై అంతస్తులో ఉండేది. వాన పడితే రిసెప్షన్‌లో కప్పు కారేది. ఎక్కడెక్కడ కారుతుందో నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే నా కుర్చీని వానని బట్టి జరుపుకుంటూ ఉండేదాన్ని. ఆ మధ్యాహ్నం అచ్ఛా సార్ హడావుడిగా గదిలోంచి వచ్చి, కప్పు వైపు ఒకసారి చూసి (చూశాడు, ఒట్టు, నా కళ్ళతో చూశాను), నాతో ఇలా అన్నాడు: "అచ్ఛా, సునో. కల్ సుబహ్ కలకత్తా సే బడే సాబ్ ఆ రహే హై. రిసెప్షన్ మే గమ్లా లగ్‌వా దో. పూరే రిసెప్షన్ మే. అచ్ఛే సే సజా కే." నేను తల ఊపాను. రేపు కలకత్తా నుంచి పెద్దాయన వస్తున్నాడని, రిసెప్షన్ నిండా ఏదో పెట్టించాలని, అంత వరకు తెలిసింది. గమ్లా ఏమిటో తెలియలేదు. తిన్నగా రాష్ట్రభాష అన్నయ్య బల్ల దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యా, గమ్లా అంటే ఏమిటి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జ్ఞానం పంచేముందు ఆయన చేసే పని అది. "ఇది కూడా తెల్దేటి సెల్లెమ్మా? హిందీవోళ్ళకి నోరు బద్ధకం. మద్దిలో అచ్చరం మింగీత్తారు. మన కమల ఆళ్ళకేటి?"

"కమ్లా."

"విమల?"

"విమ్లా."

"మరి గమేళా?"

నాకు ఒళ్ళు జలదరించింది. "గమ్లా!" అన్నాను.

"అద్గదీ. రాష్ట్రభాష అంటే అదే మరి, సూత్రం పట్టుకుంటే సాలు."

ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. ఒక భాష లోపలి తలుపు తెరుచుకున్నట్టయింది. పైగా అర్థం ఎంత చక్కగా అతికింది! కప్పు కారుతోంది, పెద్దాయన వస్తున్నాడు, కారేచోటల్లా గమేళాలు పెట్టాలి. మేనేజరు ముందుచూపుకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఇంక ఒక్క ముక్క మిగిలింది. "మరి సజా కే అన్నారు, అదేమిటి?" అంటే అన్నయ్య "సజా అంటే శిచ్చ. జాగర్తగా సెయ్యి, తేడా వస్తే శిచ్చ ఉంటాదని బెదిరిత్తన్నాడు" అన్నాడు. ఆ సందర్భంలో సజా కే అంటే అలంకరించి అని అర్థం. అయినా అన్నయ్య చెప్పిన అర్థమే చివరికి నా విషయంలో ఖరారైంది.

కొత్తవి కొందామంటే ఆఫీసులో ఒక చీపురు కొనాలన్నా నాలుగు సంతకాలు పడాలి. మా పేటలో చూస్తే బోట్లు కదలక, హార్బరులో పాటలు లేక ఇంటింటా గమేళాలు బోర్లించి ఉన్నాయి. కంపెనీకి ఖర్చు లేకుండా పని చేసిపెడితే పర్మనెంటు గ్యారంటీ అనుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి చెబితే అమ్మ "ఏటే, ఆపీసోళ్ళకి గమేళాలేటి?" అంది. వాన కారుతోందని చెప్పాను. "మేనేజరు బుద్ధిమంతుడే. మరో ఆపీసరైతే గుడ్డలు కుక్కమంతాడు" అంది. అమ్మే స్వయంగా ఇంటింటికీ వెళ్ళి, "మా గుంట ఆపీసుకంట, రేప్పొద్దున్న పెద్దాపీసరు వత్తన్నాడంట" అని గొప్పగా చెప్పి గమేళాలు పోగుచేసింది. పేట ఆడవాళ్ళు వాటిని కుళాయి దగ్గర వరసగా పెట్టి చింతపండుతో తోమి, నిమ్మచెక్కలతో రుద్ది, ఆఖర్న షాంపూ పాకెట్లు చింపి కడిగారు. మా అత్త ఒకావిడ తన గమేళా అడుగున సొట్ట ఉందని సిగ్గుపడి, సొట్టలేనిది పక్కింట్లోంచి తెచ్చి ఇచ్చింది. పెళ్ళివారింటికి పంపినట్టే పంపారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు రక్తం పొంగుతుంది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో గమేళాలన్నీ వేసుకుని, వానలో తడుస్తూ, గాజువాక చేరాను. ఎవరూ రాకముందే పని పూర్తిచేశాను. కారేచోటల్లా ఒకటి. పెద్దవి గోడల వారన, చిన్నవి సోఫాల పక్కన. సోఫాలకి మధ్య, సరిగ్గా పెద్దాయన కూర్చునే చోటుకి ఎదురుగా, మా అమ్మది పెట్టాను. తళతళలాడుతోంది. కాస్త దూరంగా జరిగి చూసుకుంటే ఆ గదిని అంత అందంగా ఎప్పుడూ చూడలేదనిపించింది. (నిజం చెప్పాలంటే చింతపండు, నిమ్మకాయ, షాంపూ మూడూ దాటుకుని చేప వాసన కొద్దిగా వస్తోంది. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న ముక్కు కాబట్టి నాకది వాసన కింద లెక్కకి రాలేదు.)

కారు వచ్చింది. అచ్ఛా సార్ ముందు నడుస్తూ, వెనక్కి వంగి వంగి నవ్వుతూ పెద్దాయన్ని తీసుకువచ్చాడు. తలుపు తీశాడు. ఆగిపోయాడు.

"యే క్యా హై?"

"గమ్లా సార్" అన్నాను, గర్వంగా.

"యే గమ్లా నహీ హై!"

ఆయన అరిచిన అరుపుకి కప్పు కూడా భయపడిందేమో, సరిగ్గా అప్పుడే అమ్మ గమేళాలో టప్పుమని ఒక చుక్క పడింది. తరువాత సోఫా పక్కన, ఆ తరువాత గోడ వార. నేను ఎక్కడెక్కడ పెట్టానో సరిగ్గా అక్కడక్కడే. ఒక్క చుక్క కూడా తివాచీ మీద పడలేదు. ఆ సంగతి ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు! ఈ రోజు వరకూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు! అక్కడ ఆయనన్న గమ్లాలే పెట్టి ఉంటే పెద్దాయన బూట్లు నీళ్ళలో నానేవి కాదా?

పెద్దాయన మాత్రం గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు. కళ్ళు మెరిశాయి. "మాఛ్?" అన్నాడు. బెంగాలీలో చేపని అలాగే అంటారట. పాపం ఆయన పొద్దుటే విమానంలో వచ్చాడు, ఆకలిగా ఉన్నట్టుంది. మీటింగు మధ్యలో మళ్ళీ ఒకసారి గాలి పీల్చి, ఇక్కడ ఏయే చేపలు దొరుకుతాయని అచ్ఛా సార్‌ని అడిగాడట. అచ్ఛా సార్ ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. భోజనాల దగ్గర మూతలు తీస్తే పప్పు, పనీరు, ఇంకో రకం పనీరు. పొద్దుట నుంచీ చేపల వాసనతో ఊరించి పనీరు పెట్టినందుకు పెద్దాయన ముఖం మాడిపోయిందట. ఆ నేరం కూడా నా ఖాతాలోనే రాశారు.

పెద్దాయన వెళ్ళాక నన్ను గదిలోకి పిలిచారు. అచ్ఛా సార్ అచ్ఛా అనకుండా మాట్లాడటం అదే మొదటిసారి. ఆఫీసుని చేపల బజారు చేశావన్నాడు. మీ ఇంటి సామాన్లు మీ ఇంట్లో పెట్టుకో, ఇక్కడికి మోసుకురావద్దన్నాడు. ఆ ముక్క మాత్రం నాకు ఏ అనువాదం లేకుండానే అర్థమైంది. గమ్లా అంటే పూల కుండీ అని ఆ రోజే నాకు తెలిసింది. మనం కుండీ అంటాం, తొట్టి అంటాం, బల్ల మీద పెట్టేదైతే వాజు అంటాం. ఇన్ని మాటలుండగా, "ఫ్లవర్ పాట్" అని ఒక్క ఇంగ్లీషు ముక్క అని చచ్చి ఉంటే నాకీ గొడవే లేకపోను. నేను రాష్ట్రభాష అన్నయ్యని అడిగే చేశానని చెప్పాను. ఆయన్ని పిలిచారు.

"నానా?" అన్నాడాయన. కళ్ళజోడు తీయలేదు, తుడవలేదు. "నానెందుకంతానమ్మా అలాగ? రాష్ట్రభాష పాసయినోడిని. గమ్లా అంటే పూల కుండీ అని తెల్దా నాకు?"

"కమల కమ్లా, విమల విమ్లా అని చెప్పలేదా అన్నయ్యా?"

"ఆళ్ళెవులు?" అన్నాడు.

అచ్ఛా సార్ నా పర్మనెంటు కాగితం సొరుగులోకి తోసి, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అంటే చూడననే అర్థం.

గమేళాలు తిరిగి ఆటోలో వేసుకుని ఇంటికి వెళ్ళాను. పేట ఆడవాళ్ళు ఎదురొచ్చి "ఆపీసరు ఏటన్నాడు?" అని ఆశగా అడిగారు. బాగున్నాయన్నాడని చెప్పాను. అమ్మకి మాత్రం అంతా చెప్పి ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. అమ్మకి ఓదార్చడం అలవాటు లేదు, కోపం తెచ్చుకోవడమే అలవాటు. "వాసనంట! గమేళాకి సేప వాసన కాపోతే మరేటొత్తాది, అత్తరు వాసనొత్తాదా? ఇశాపట్నంలో ఉంటూ సేప వాసనంటే ఎలాగ? ఆడు సేపలు తినడేటి?" అంది.

"తినడమ్మా. ఉల్లిపాయ కూడా తినడు."

అమ్మ "పాపం" అంది. మర్నాటికి వాన తెరిపిచ్చింది. మూడో రోజు బోట్లు కదిలాయి. అమ్మ మెడకి తైలం రాసుకుని, గమేళా నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఒక ఉద్యోగం నిలబడితే దిగాల్సిన బరువది. ఒక మాటకి అర్థం తెలియనందుకు మళ్ళీ నెత్తికెక్కింది. గుమ్మంలో నిలబడి ఆమె వెళ్ళడం చూస్తుంటే ఏడుపు పోయి మంట మొదలైంది. ఆ గమ్లా అనే మాట అంతు చూడాలనుకున్నాను.

ఆదివారం ఊళ్ళో గ్రంథాలయానికి వెళ్ళాను. హిందీ నిఘంటువు అడిగితే ఇటుకంత లావున్నది తెచ్చి ఇచ్చారు. గమలా, పూల మొక్కలు పెంచే పాత్ర. సరే, ఓడిపోయాను అనుకుని మూయబోతూ చూస్తే పక్కన చిన్న అక్షరాల్లో "పుర్త." అని ఉంది. మొదట అదేదో తిట్టనుకున్నాను. ముందు పేజీల్లో వెతికితే పోర్చుగీసుకి పొట్టి పేరని తేలింది. అంటే ఆ మాట హిందీవాళ్ళది కాదు! అక్కడి నుంచి ఇంకో పుస్తకం, దాన్నుంచి ఇంకొకటి. పోర్చుగీసులో ఆ మాట ఏమిటో తెలుసా మీకు? గమేలా. మధ్య అక్షరం ఎవరూ మింగలేదు. మా అమ్మ పలికినట్టే ఉంది. చెక్కని తొలిచి చేసిన వెడల్పాటి తొట్టిని వాళ్ళు అలా అంటారట. అందులో బట్టలు ఉతుకుతారు, పిండి కలుపుతారు, పశువులకి కుడితి పెడతారు. దానికి కూడా ముందు లాటిను భాషలో అదేదో తాగే గిన్నె పేరట. నేను ఆ పేజీని మళ్ళీ మళ్ళీ చదివాను. తాగే గిన్నె, కుడితి తొట్టి, సిమెంటు గమేళా, చేపల గమేళా. ఇంత వంశచరిత్రలో పువ్వు ఎక్కడుంది? పనిచేసి బతికే మాటని పట్టుకెళ్ళి, మట్టి పోసి, రెండు చామంతులు గుచ్చి, వరండాలో నిలబెట్టి, ఆపైన ఇదే అసలు అర్థమనడానికి వీళ్ళకి నోరెలా వచ్చింది? ఓడల్లో వచ్చిన మాట అది, రేవులో దిగింది. రేవులో దించేది చేపలా, చామంతులా? ఓడరేవులో పుట్టిన పిల్లకి ఆ మాట అర్థం తెలియదని ఉల్లిపాయ తినని మనిషి చెబుతాడా? పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ముసలాయన "కాస్త మెల్లిగా అమ్మా" అన్నాడు. పైకే అనేశానన్నమాట.

సోమవారం ఆ పేజీల జెరాక్సులు పట్టుకుని అచ్ఛా సార్ గదిలోకి వెళ్ళాను. నా అత్తాకోడళ్ళ హిందీ ఆ రోజు ఉపయోగపడినట్టు జీవితంలో మళ్ళీ ఉపయోగపడలేదు. అన్యాయాన్ని గురించి మాట్లాడటానికి అంత బాగా కుదిరే హిందీ ఇంకొకటి లేదు. గమ్లా, గమేళా ఒకే తల్లి బిడ్డలని, పెద్దబిడ్డ మా ఇంట్లోదని, చిన్నబిడ్డకి సింగారం ఎక్కువై అక్కని గుర్తుపట్టడం మానేసిందని చెప్పాను. ఆయన కాగితాలు తిరగేశాడు. "అచ్ఛా" అన్నాడు. మెప్పు అచ్ఛాయే! ఇంక సొరుగు తీయడమే తరువాయి.

అప్పుడే రాష్ట్రభాష అన్నయ్య ఏదో బిల్లు పట్టుకుని లోపలికి వచ్చాడు. అచ్ఛా సార్ ఆయనకి కాగితాలు చూపించాడు. ఆయన ఈసారి కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "నానదే కద సార్ అన్నాను!" అన్నాడు. ఆపైన హిందీలోకి మారి, రెండూ ఒక్కటే మాటని తను ఈ సెల్లెమ్మకి మొదటి రోజే చెప్పానని, కమల, విమల ఉదాహరణలతో సహా చెప్పానని వివరించాడు.

"సార్! చూశారా? ఒప్పుకున్నాడు!" అని అరిచాను.

అచ్ఛా సార్ నా వైపు జాలిగా చూశాడు. ఆయన చెప్పింది నిజమే కదా, నువ్వే పుస్తకంతో రుజువు చేశావు కదా అన్నాడు. రెండూ ఒకే మాటని చెప్పాడు గానీ చేపల పాత్రలు తెమ్మని చెప్పాడా అన్నాడు. ఆపైన అన్నయ్య భుజం తట్టి "ఆప్ తో విద్వాన్ హై" అన్నాడు. ఆయన విద్వాంసుడట! నేను ఆదివారమంతా దుమ్ము పీల్చి తెచ్చిన కాగితాల మీద ఆయన విద్వాంసుడయ్యాడు. నేను ఎప్పటిలాగే ఆఫీసుని చేపల బజారు చేసిన పిల్లగా మిగిలాను. చివర్లో ఆయనన్న అచ్ఛా, ఇక నువ్వు వెళ్ళొచ్చు అనే అచ్ఛా.

నా ఉద్యోగం తరువాత పర్మనెంటయింది. ఎలాగో వింటే మీకూ కోపం వస్తుంది. అచ్ఛా సార్ బదిలీ అయి వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చిన ఆయన సొరుగులో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద కుప్పపోసి, చదవకుండా ఒక్కొక్కటిగా సంతకం పెట్టుకుంటూ పోయాడు. వాటిలో నాదీ ఉంది. నా నిఘంటువు, నా వాదన, నా న్యాయం, ఏవీ ఆ సంతకానికి పనికిరాలేదు. పరుగున ఇంటికెళ్ళి చెబితే అమ్మ "అయిందా? మంచిది" అంది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే అమ్మ హార్బరుకి బయలుదేరుతోంది.

"అదేటమ్మా! పెర్మినెంటు అయితే ఇంక గమేళా ముట్టుకోకూడదని మాట కదా?"

"మాట నువ్విచ్చినావు. నానిచ్చినానేటి?" అని నెత్తిన గుడ్డచుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. మరి కొన్నేళ్ళకి డాక్టరు గట్టిగా కసిరితే గానీ దింపలేదు.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో పెద్ద ఉద్యోగమే చేస్తున్నాను. గాజువాకలో చిన్న ఫ్లాటు, దానికో బాల్కనీ. అమ్మ నా దగ్గరే ఉంటోంది, గమేళాని కూడా వెంట తెచ్చుకుంది. అది బాల్కనీ మూల బోర్లించి ఉంటుంది. మొన్న ఆదివారం దాన్ని చూస్తే నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. అడుగున నాలుగు చిల్లులు పొడిచి, మట్టి పోసి, చామంతి నాటితే ఎలా ఉంటుంది? అక్కాచెల్లెళ్ళు కలిసిపోతారు. గమేళా గమ్లా అవుతుంది. ఇన్నేళ్ళ నా వాదన చామంతి పువ్వులై పూసి నా బాల్కనీలోనే నిలబడుతుంది. అంత అందమైన ముగింపు నాకు తప్ప ఎవరికి తడుతుందని మురిసిపోతూ, మేకూ సుత్తీ తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి దెబ్బ చప్పుడుకే అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది.

"ఏటే సేత్తన్నావు?"

"పూలమొక్క వేద్దామనమ్మా. ఊరికే పడుంది కదా."

అమ్మ నన్ను చూసింది. మెడ తిరగదు కాబట్టి మనిషి మొత్తం తిరిగి, ఎదురుగా నిలబడి చూసింది. "ఊరికే పడుందా? నిన్ను సదివించింది అది. దానికి బొక్కలు పొడిసి, మట్టెట్టి, పువ్వులెడతావా? పువ్వులు గావాలంటే కుండీ కొనుక్కో. ఇది పువ్వులెట్టుకునేది కాదు. ఇది గమేళా" అంది. నా చేతిలోంచి దాన్ని లాక్కుని, సుత్తి దెబ్బ తగిలిన చోట బొటనవేలితో తడుముకుంటూ లోపలికి పట్టుకెళ్ళిపోయింది.

నేను మేకు చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. రెండూ ఒకటి కాదని అప్పుడు అచ్ఛా సార్ అన్నాడు, ఇప్పుడు మా అమ్మ అంది. ఆయన చిన్నచూపుతో అన్నాడు, అమ్మ పౌరుషంతో అంది, మాట మాత్రం ఒక్కటే. ముక్కు ఎర్రబడేలా ఏడ్చి, ఆదివారం గ్రంథాలయంలో నిఘంటువు మీద వంగి, రెండూ ఒకటేనని పట్టుబట్టి కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు కోపం కంటే ముందు నవ్వు వచ్చింది. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చుని, "అవి ఒకటి కావమ్మా, కానక్కర్లేదు కూడా" అని చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేది కాదనుకోండి. ఇంకో నిఘంటువు కోసం లేచి వెళ్ళేది.